మాట వినబడవలెను

పాటలో మాట పెద్దదా, స్వరము పెద్దదా అను వాదము నేటిది కాదు. సంగీతము వర్ధిల్లిన ప్రతి దేశమునందును ఈ వాదము వినబడినది. మన నాటకశాలలలో పద్యము చదువు నటుడు రాగమును ఎంత సాగదీసినను, వెనుక వరుసలో కూర్చున్న రైతునకు పద్యములోని మాట అందనిచో సభ ఊరకొనెడిది కాదు. ఆ రైతు సంగీతశాస్త్రము చదివినవాడు కాడు, ఛందస్సు నేర్చినవాడును కాడు. అతడు కోరినది ఒక్కటే: చెప్పుచున్నదేమో తనకు తెలియవలెను. ఈ కోరిక ఎంత న్యాయమైనదో, దానిని తీర్చుట ఎంత కష్టమో, పాశ్చాత్య దేశములలో 1960వ దశకము చివర పుట్టి నేటికిని జీవించియున్న ఒక సంగీతశాఖ చరిత్రను పరిశీలించినచో బోధపడగలదు. ఆ శాఖకు ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు.

మన పాఠశాలలకును ఈ దూరదేశపు సంగీతమునకును సంబంధమేమి అని ఉపాధ్యాయులు కొందరు అడుగవచ్చును. నేడు పై తరగతుల విద్యార్థుల చేతులలో ఫోను కలదు. ఆ ఫోనులో సకల దేశముల సంగీతమును కలదు. ఇంగ్లీషు పాటలు వినుచు ఇంగ్లీషు మాటలు పట్టుకొనుటకు యత్నించు పిల్లలు పెక్కుమంది కలరు. వారికి కలుగు మొదటి చిక్కు మాట చెవికి అందకపోవుటయే. లోపము తన చెవిలో నున్నదో, గాయకుని నోటిలో నున్నదో, ధ్వనిముద్రణలో నున్నదో బాలుడు తేల్చుకొనలేడు. పెద్దలలో ఈ విషయమున రెండు పక్షములు ఏర్పడినవి. పాత రికార్డులలో కంఠము సజీవముగా నుండెడిదనియు, నేటివానిలో యంత్రము వాసన కొట్టుచున్నదనియు ఒక పక్షము. పాతవన్నియు మసక కమ్మినవనియు, నేటి ముద్రణలే అద్దమువలె నున్నవనియు రెండవ పక్షము. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. అయినను ఇరువురును అసలు విషయమును విడిచి ప్రక్కదారిని పోవుచున్నారని మా అభిప్రాయము.

ప్రోగ్రెసివ్ రాక్ ప్రధానముగా ఇంగ్లండున పుట్టినది. మూడు నిమిషముల ప్రేమగీతములతో తృప్తి చెందని యువకులు పది నిమిషములు, ఇరువది నిమిషములు సాగు దీర్ఘరచనలకు పూనుకొనిరి. గిటారు, డ్రమ్ములతోపాటు వేణువును, ఆర్గనును, మెల్లట్రాన్ అను వింత వాద్యమును చేర్చిరి. మెల్లట్రానులో ఒక్కొక్క మెట్టు క్రింద ఒక్కొక్క టేపుముక్క యుండును. మెట్టు నొక్కినంతనే వయొలిన్లయొక్కయో వేణువులయొక్కయో ముద్రిత ధ్వని ఇంచుమించు ఎనిమిది సెకండ్లపాటు పలుకును. వాద్యములు ఇట్లు పెరిగిన పాటలలో మాటలు కూడ పెరిగినవి. పురాణగాథలు, యుద్ధభయము, నగరజీవితముపై వ్యంగ్యము, మనోవ్యధలు ఈ పాటలలో వస్తువులైనవి. కింగ్ క్రిమ్‌సన్ అను బృందములో పీటర్ సిన్‌ఫీల్డు వంటి కవి ఏ వాద్యమును వాయింపకయే, మాటలు వ్రాయుటకై సభ్యుడుగా నుండెను. పాటల సాహిత్యమును రికార్డు అట్టపై అచ్చువేయు ఆచారము ఈ బృందములలో పెక్కింటికి నుండెడిది. మాటకు ఇంత విలువ ఇచ్చినవారి రికార్డులలో ఆ మాట వినబడినదా లేదా అని అడుగుట అన్యాయము కాదు.

1969 అక్టోబరులో వెలువడిన కింగ్ క్రిమ్‌సన్ వారి తొలి ఆల్బము "ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్‌సన్ కింగ్" ఈ శాఖకు ఆదికావ్యమువంటిది. లండనులోని వెసెక్స్ స్టూడియోలో ఆ వేసవిని దానిని ముద్రించిరి. గాయకుడు గ్రెగ్ లేక్‌కు అప్పటికి 21 ఏండ్లు. ఆ స్టూడియోలోని యంత్రమున కున్నవి 8 ట్రాకులు మాత్రమే. అనగా ఎనిమిది ధ్వనులను విడివిడిగా ముద్రించి పిదప కలుపుటకు వీలున్నది. తొమ్మిదవ దానికి చోటు లేదు. మెల్లట్రాను పొరలు పెక్కు కావలసినప్పుడు, ముద్రించిన నాలుగింటిని కలిపి ఒకటి రెండు ట్రాకులకు కుదించి, ఖాళీయైన చోట క్రొత్తవానిని ముద్రింపవలసి వచ్చెడిది. ఇట్లు నకలుపై నకలు తీసినకొలది టేపు బుస పెరుగును, ధ్వనిలోని తేట తగ్గును. ఒకసారి కలిపినదానిని మరల విడదీయుట అసాధ్యము. కావున కంఠమునకు ఎంత చోటు, మెల్లట్రానునకు ఎంత చోటు అను నిర్ణయమును ముందుగనే, తిరుగులేకుండ చేయవలసి యుండెను.

ఈ ఇబ్బంది ఒక మేలు చేసినది. తిరుగులేని నిర్ణయము చేయువాడు జాగ్రత్తగా ఆలోచించును. ఆ ఆల్బములోని "ఎపిటాఫ్" అను పాటను వినుడు. మెల్లట్రాను మేఘమువలె క్రమ్ముకొని యున్నను లేక్ కంఠము దానికి ముందు నిలిచి, ఒక్కొక్క మాటను దీపము పట్టి చూపినట్లు పలుకును. అదే ఆల్బములోని మొదటి పాటలో అదే కంఠము బొంగురుపోయి, చెడిపోయిన రేడియోలోనుండి అరచినట్లు వినబడును. అది లోపము కాదు. ఆ శతాబ్దపు ఉన్మాదమును చెప్పు పాటకు అట్టి కంఠమే తగునని బుద్ధిపూర్వకముగా చేసిన వికారము. ఒకే ఆల్బములో, ఒకే యంత్రముపై, ఒకే గాయకుడు రెండు తీరుల వినబడెను. పాత యంత్రములకు స్పష్టత చేతకాదను వాదమునకు ఈ రెండు పాటలే చాలినంత సమాధానము.

అట్లని ఆనాటి కష్టములను తక్కువచేసి చెప్పరాదు. టేపు బుసను అణచుటకు రే డాల్బీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక సాధనమును కనిపెట్టెను. ఆయన 1963 నుండి 1965 వరకు యునెస్కో పక్షమున మన దేశమున సాంకేతిక సలహాదారుగా పనిచేసి, అటుపిమ్మట లండనులో తన ప్రయోగశాలను స్థాపించెను. ఆ సాధనము స్టూడియోలకు చేరుటతో టేపుపైని చిక్కు కొంత తీరినది, ఎల్.పి. రికార్డుపైని చిక్కు మాత్రము మిగిలియే యున్నది. రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. అంచు దగ్గర సూది క్రింద గాడి సెకండునకు దాదాపు 50 సెంటీమీటర్లు జరుగును. నడుమకు చేరునప్పటికి దాదాపు 20 సెంటీమీటర్లే జరుగును. తిరుగు చుట్లు అవియే, చుట్టుకొలత మాత్రము తగ్గినది. కావున ఒక సెకండు ధ్వనిని అంచున వ్రాసిన దానిలో సగముకంటె తక్కువ చోటున ఇరికింపవలెను. సకార షకారములవంటి సన్నని ధ్వనులు ఇచ్చటనే ముందుగా చెడును. గణితోపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో పిల్లలచేత చేయింపవచ్చును, వ్యాసార్ధము 14.6 సెంటీమీటర్లనియు, 6 సెంటీమీటర్లనియు తీసికొన్నచో సరిపోవును.

ప్రోగ్రెసివ్ రాక్ వారి దురదృష్టమేమన, వారి దీర్ఘరచనలు ప్రక్క మొదటినుండి తుదివరకు సాగును. రచన పతాకస్థాయిని అందుకొనునప్పటికి సూది సరిగా ఆ ఇరుకు గాడులకు చేరును. ఇంతేకాదు. ప్రక్కకు ఇరువది నిమిషములు మించినకొలది గాడులను సన్నగా త్రవ్వవలెను, ధ్వనిని తగ్గింపవలెను. జెనిసిస్ బృందమువారి 1973 నాటి "సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్" ఒకే ఎల్.పి.పై 50 నిమిషములకు మించి నిండినది. అట్టి రికార్డును సామాన్యమైన గ్రామఫోనుపై విన్నవాడు గాయకుని మాట తెలియలేదని చెప్పినచో, అతని చెవిని నిందించుట తగదు.

ఇక మాట ఎందువలన వినబడును, ఎందువలన వినబడదు అను ప్రశ్నకు వత్తము. మాటలోని బలము అచ్చులలో నుండును. అర్థమును వేరుపరచునవి ముఖ్యముగా హల్లులు. అచ్చుల ధ్వని నిండుగా, క్రింది స్థాయిలలో నుండును. స, ష, ఫ, త వంటి హల్లుల జాడ పై స్థాయిలలో, సుమారు 2,000 హెర్ట్జులకు పైన, సన్నగా నుండును. పాత టెలిఫోను 300 నుండి 3,400 హెర్ట్జుల వరకే మోసెడిది. అందుచేతనే ఫోనులో పేరు చెప్పునప్పుడు "ఎస్" అన్నది "ఎఫ్" అని వినబడుచుండెడిది. పాటలో గిటారు ఝంకారము, తాళముల గలగల, ఆర్గను పైస్వరములు సరిగా ఈ హల్లులుండు చోటనే గుమికూడును. అచ్చు పైకి తేలును, హల్లు మునుగును. తెలుగు అజంతభాష యగుటచే మన మాట అచ్చుతో ముగిసి చెవిలో నిలుచును. ఇంగ్లీషు మాటలలో పెక్కు హల్లులతో ముగియును. ఆ చివరి హల్లు మునిగినచో ఏకవచనమేదో బహువచనమేదో, భూతకాలమేదో వర్తమానమేదో తెలియదు. మన విద్యార్థికి ఇంగ్లీషు పాట కష్టమగుటకు భాష రాకపోవుట ఒక్కటియే కారణము కాదని దీనివలన గ్రహింపవచ్చును.

దీనికి విరుగుడు కంఠమును పెద్దది చేయుట అని తోచవచ్చును. మంచి బృందములు చేసినది అది కాదు. అవి ప్రక్కవాద్యములను తప్పించి చోటు చేసినవి. యెస్ బృందమువారి "క్లోజ్ టు ది ఎడ్జ్" 1972లో వెలువడినది. లండనులోని అడ్విజన్ స్టూడియోలో ఎడ్డీ ఆఫర్డ్ అను ఇంజనీరు దానిని ముద్రించెను. పేరుపాట రికార్డు ఒక ప్రక్కను పూర్తిగా ఆక్రమించినది. ఆరంభమున వాద్యములన్నియు ఒకదానిపై నొకటి పడి కురియును. అప్పుడు కంఠము లేదు. నడుమ భాగమున డ్రమ్ములు ఆగును, దీర్ఘస్వరములు మాత్రము నిలుచును; జాన్ ఆండర్సన్ హెచ్చుస్థాయి కంఠము ఒక వైపున, సహచరుల కంఠములు మరియొక వైపున ప్రశ్నోత్తరములవలె సాగును. లండనులోని సెయింట్ జైల్స్ చర్చిలో రిక్ వేక్‌మన్ వాయించిన పెద్ద ఆర్గను ఆ మాటలు ముగిసిన చోటనే గర్జించును. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు పలికిరి, రానప్పుడు ఊరకుండిరి. అచ్చట స్పష్టత యంత్రము ఇచ్చినది కాదు, మర్యాద ఇచ్చినది.

ఇంతకంటె కఠినమైన ఉదాహరణము జెంటిల్ జెయంట్ బృందమువారి "నాట్స్". 1972లో "ఆక్టోపస్" అను ఆల్బములో వెలువడినది. స్కాట్లండు మనోవైద్యుడు ఆర్. డి. లైంగ్ గ్రంథము దానికి ఆధారము. మనుష్యుల నడుమ పడు చిక్కుముడులు అందలి వస్తువు. గాయకులు ఒకరి మాటలో నింకొకరు మాట కలిపి, వాక్యమును ముక్కలు చేసి పంచుకొని పాడుదురు. వినువానికి మొదట అంతయు చిక్కువలె తోచును. రెండవసారి విన్నప్పుడు ఒక్కొక్క పోగు విడివడును. అచ్చట వాద్యములు దాదాపు లేనేలేవు. కంఠములు ఎడమకును కుడికిని పంచబడినవి. ఏ కంఠము స్థాయి దానిది. అన్ని కంఠములు కలిసినను మాట పోలేదనగా, వ్రాసినవాడు వ్రాయునప్పుడే వినువానిని తలచుకొనెనని యర్థము.

వేదికపైన కథ వేరు. జెనిసిస్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ 1974, 75 సంవత్సరములలో "ది లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే" అను కథాగీతమును ఊరూర ప్రదర్శించుచు, అందలి ఒక పాత్రకై బొబ్బలు బొబ్బలుగా ఉబ్బిన పెద్ద వేషము నొకదానిని ధరించెను. ఆ వేషములో మైకు నోటికి చేరుటయే దుర్లభమయ్యెను. చూచినవారు వేషమును మరువలేదు. మాటలు మాత్రము వేషములోనే ఉండిపోయినవి. 1975 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన ప్రదర్శనమును 1998లో రికార్డుగా వెలువరించినప్పుడు, గాబ్రియెల్ చాలభాగమును స్టూడియోలో మరల పాడి అతికింపవలసి వచ్చినది. ఇప్పుడు మాటలు తేటగా వినబడును. కాని ఆ కంఠము ఆ రాత్రిది కాదు. ఇరువదేండ్లు పైబడిన కంఠము యువకుని వేదికపై నిలిచినది. స్పష్టతకు ఇచ్చిన వెల ఇది. ఈ బేరము లాభమా నష్టమా అని పాఠకులే ఆలోచించుకొనవలెను.

ఇప్పుడు నేటి ముద్రణలకు వత్తము. కంప్యూటరు వచ్చిన పిదప టేపు బుస లేదు, నకలువలన నష్టము లేదు, గాడుల ఇరుకు లేదు. ఎనిమిది ట్రాకుల స్థానమున వందల ట్రాకులు వాడవచ్చును. 1997లో ఆటోట్యూన్ అను సాధనము వచ్చినది. అంతకుముందు చమురు అన్వేషణకై భూగర్భ ధ్వనితరంగములను విశ్లేషించుచుండిన ఆండీ హిల్డెబ్రాండ్ దానిని నిర్మించెను. శ్రుతి తప్పిన స్వరమును అది సరిచేయును. ఇన్ని సౌకర్యములతో నేటి కంఠము పాతదానికంటె నూరురెట్లు స్పష్టముగా నుండవలెను గదా! కొన్ని చోట్ల నున్నది. పెక్కు చోట్ల లేదు. ఏల?

మొదటి కారణము అవధి లేకపోవుటయే. చోటు ఎంతైన నున్నప్పుడు దేనిని విడువవలెనను ప్రశ్న పుట్టదు. గిటారుపై గిటారు, దానిపై మరియొకటి పేర్చుదురు. కంఠమునే పదింతలు చేసి గోడవలె నిలుపుదురు. రెండవ కారణము బిగ్గరతనముపై వ్యామోహము. 1982లో విపణికి వచ్చిన కాంపాక్ట్ డిస్కు మిక్కిలి మెల్లని ధ్వనికిని మిక్కిలి పెద్ద ధ్వనికిని నడుమ 96 డెసిబెళ్ల అంతరమును మోయగలదు. ఎల్.పి. అంత మోయజాలదు. కాని 1990వ దశకమునుండి, ప్రక్కవాని రికార్డుకంటె తనది బిగ్గరగా మ్రోగవలెనను పోటీలో పడి, తయారుచేయువారు మెల్లని ధ్వనులను పైకి లేపి, పెద్దవానిని నొక్కివేసి, అన్నిటిని ఒకే మట్టమునకు తెచ్చిరి. విశాలమైన ఇల్లు కట్టుకొని ఒక్క గదిలోనే కాపురము చేసినట్లయ్యెను. అందరును అరచుచున్న సభలో ఎవరి మాట వినబడును?

ఇందులకు ప్రసిద్ధమైన నిదర్శనము కెనడా దేశపు రష్ బృందమువారి "వేపర్ ట్రెయిల్స్". అది 2002లో వెలువడినది. పాటలు చెడ్డవి కావు. అందలి వేదన నిజమైనది. కాని ధ్వనిని అంతగా నొక్కి బిగించుటచే గెడ్డీ లీ కంఠము గిటార్ల గోడలో కూరుకొనిపోయినది, పెద్ద ధ్వనులు చిట్లినవి. బృందమువారే ఆ లోపమును అంగీకరించి, డేవిడ్ బాట్రిల్ అనువానిచేత మరల మేళనము చేయించి 2013లో వెలువరించిరి. పాడినది మార్పలేదు, చోటు మాత్రము కల్పించిరి. మాటలు పైకి వచ్చినవి. పాతది మసక, క్రొత్తది తేట అను పక్షమువారు ఈ రెండు ముద్రణలను ప్రక్కప్రక్కన నుంచి వినవలెను.

అన్ని అస్పష్టతలను లోపములుగా లెక్కింపరాదని మరల జ్ఞాపకము చేయుచున్నాము. స్వీడన్ దేశపు ఓపెత్ బృందమున మికాయెల్ ఒకెర్‌ఫెల్ట్ ఒకే పాటలో మృగమువలె గర్జించును, మరుక్షణమున మృదువుగా పాడును. గర్జనలో మాటకంటె భావమే ప్రధానము. అదే బృందము 2019లో తమ ఆల్బము నొకదానిని స్వీడిష్ భాషలోను ఇంగ్లీషులోను రెండు విధముల వెలువరించెను. వినువానికి మాట తెలియవలెనను శ్రద్ధ గర్జించు గాయకునికిని కలదన్నమాట. ఫ్రెంచి దేశపు మాగ్మా బృందము తానే కల్పించుకొన్న భాషలో పాడినది. అచ్చట కంఠము స్పష్టము, అర్థము గుప్తము. పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" ఆల్బములో క్లేర్ టోరీ అను గాయని ఒక్క మాటయు లేకుండ ఆలపించినది. మృత్యువును గూర్చి అంతకంటె చెప్పదగినది మిగులలేదు. కళాకారుడు కోరి తెచ్చుకొన్న అస్పష్టత వేరు, అజాగ్రత్తవలన దాపురించిన అస్పష్టత వేరు. ఈ భేదమును గుర్తించుటయే రసజ్ఞత.

గత పదునైదు ఏండ్లకు పైగా జరిగిన ఒక కృషి ఈ వివాదమును చాలవరకు తీర్చినది. ఇంగ్లండునకు చెందిన స్టీవెన్ విల్సన్ స్వయముగా ఈ శాఖలోని గాయకుడు, రచయిత. ఆయన పాత బృందముల మూలటేపులను తెరచి, ఒక్కొక్క ట్రాకును కంప్యూటరునకు ఎక్కించి, క్రొత్తగా మేళనము చేసెను. కింగ్ క్రిమ్‌సన్ తొలి ఆల్బము 2009లోను, జెత్రో టల్ వారి "ఆక్వాలంగ్" 2011లోను, యెస్ వారి "క్లోజ్ టు ది ఎడ్జ్" 2013లోను ఇట్లు వెలువడినవి. "ఆక్వాలంగ్" 1971 నాటిది. చర్చి భవనమును మార్చి క్రొత్తగా నెలకొల్పిన స్టూడియోలో దానిని ముద్రించిరి; ఆ స్టూడియో తమకు పడలేదని ఇయన్ ఆండర్సన్ పలుమారు చెప్పియున్నాడు. అసలు ముద్రణ నిజముగనే మసక. క్రొత్త మేళనములో ఆయన కంఠము, ఆ కంఠములోని వెటకారము, హల్లును కొరికినట్లు పలుకు తీరు తెర తొలగినట్లు వినబడినవి. ఏబదేండ్లనాటి టేపులో అవి అన్నియు నుండినవి! పాడినవాడు స్పష్టముగనే పాడెను. నకళ్లును, మేళనమును దానిని కప్పినవి. విల్సన్ చేసిన మరియొక మంచిపని, క్రిమ్‌సన్ మొదటి పాటలోని వికారకంఠమును వికారముగనే ఉంచుట. శుభ్రము చేయువానికి ఏది మురికియో, ఏది రంగో తెలిసి యుండవలెను.

ఆ విల్సనే 2013లో తన సొంత ఆల్బము "ది రావెన్ దట్ రిఫ్యూజ్డ్ టు సింగ్" వెలువరించినప్పుడు, దాని ముద్రణకై అలాన్ పార్సన్స్‌ను పిలిపించెను. నలువదేండ్లకు పూర్వము "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" ముద్రించిన ఇంజనీరు ఆయనయే. సాధనములు క్రొత్తవి, చెవి పాతది. బృందమంతయు ఒక్క గదిలో కూడి వాయించినది. ఆ ఆల్బములో కంఠము మెత్తనిది, పెద్దది కాదు. అయినను మాట అందును. క్రొత్త యంత్రమునకును పాత మర్యాదకును వైరము లేదని చెప్పుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము అక్కరలేదు.

కావున మా నిర్ణయము ఇది. స్పష్టత పాతకాలపు సొత్తు కాదు, క్రొత్తకాలపు సొత్తును కాదు. ప్రక్కవారు ఇచ్చిన చోటు పేరే స్పష్టత. ఆనాడు చోటు తక్కువగుటచే బలవంతముగా పంచుకొనిరి. ఈనాడు చోటు ఎక్కువగుటచే పంచుకొను అలవాటు తప్పినది. అలవాటు తప్పనివారు నేడును చక్కగా ముద్రించుచున్నారు. పరిశుభ్రమైన ధ్వనియే స్పష్టమైన మాట అనుకొనుట పొరపాటు. బుస లేనంతమాత్రమున భావము అందదు.

ఈ సందర్భమున రికార్డు సంస్థలకును, పాటలను ఫోనులకు అందించు సంస్థలకును ఒక మాట చెప్పవలసియున్నది. పాత ఆల్బమునకు క్రొత్త మేళనము చేయుట స్తుత్యమే. కాని క్రొత్తది వచ్చినదని పాతదానిని అటకెక్కించుట న్యాయము కాదు. 1970 నుండి 1975 వరకు వెలువడిన జెనిసిస్ ఆల్బములను నిక్ డేవిస్ మరల మేళనము చేయగా అవి 2008లో వెలువడినవి. చాలకాలము విపణిలో సులభముగా దొరకినవి అవియే. మొదట జనము విని మెచ్చినది ఏదో తెలిసికొనగోరువాడు పాత అంగళ్లలో వెదకికొనవలసి వచ్చెను. గ్రంథమునకు పరిష్కృత ప్రతిని అచ్చువేయు పండితుడు ముఖపత్రముపై ఆ సంగతి చెప్పును, పాత పాఠమును అడుగున చూపును. రికార్డు విషయమున మాత్రము ఈ నియమమేల ఉండరాదు? రెండు ముద్రణలును అందుబాటున నుండవలెను. ఏది ఏ సంవత్సరపు మేళనమో, ఎవరు చేసినదో స్పష్టముగా వ్రాయవలెను. స్పష్టత అచ్చటనుండియే ఆరంభము కావలెను.

ఉపాధ్యాయులకును ఒక మనవి. ఇంగ్లీషు బోధించువారు నెలకు ఒక్క గంట వినుటకై కేటాయింపవచ్చును. ఒక పాటను మొదటిసారి కాగితము లేకుండ వినిపించి, పిల్లలను తమకు తెలిసిన మాటలు వ్రాయుమనవలెను. రెండవసారి సాహిత్యమును చేతికిచ్చి వినిపింపవలెను. మూడవసారి అదే పాటయొక్క మరియొక ముద్రణను వినిపించి, ఏ మాట ఎందువలన ముందు వినబడలేదో చెప్పుమనవలెను. అప్పుడు పిల్లవానికి భాషయు, భౌతికశాస్త్రమును, కళయు ఒక్క గంటలో చేయి కలుపును. తన చెవిని తాను నిందించుకొనుటయు మానును.

ఏబదిమంది పిల్లలున్న గదిలో నిలిచి పాఠము చెప్పువానికి ఈ విషయము మేము చెప్పనక్కరలేదు. గది గోల పెరిగినకొలది గొంతు పెంచువాడు సాయంత్రమునకు గొంతు పోగొట్టుకొనును, పాఠమును పోగొట్టుకొనును. అనుభవజ్ఞుడు ఒక్క క్షణము ఆగును. గది సద్దుమణిగిన పిదప మెల్లగనే మాట్లాడును. వెనుక బల్లపైని పిల్లవానికి కూడ ఆ మాట అందును. 1969లో ఎనిమిది ట్రాకులతో కుస్తీపట్టిన యువకులకు తెలిసినదియు, నేడు వందల ట్రాకులు చేతనున్నవారు తెలిసికొనవలసినదియు ఈ సంగతియే.